నీళ్ళ పరీక్ష

నాలుగింటికి రమ్మన్నాను.
నాలుగుంపావుకి కరెంటొక్కటే వచ్చింది.

టెంట్ హౌస్ నుంచి ఇరవై కుర్చీలు,
ఒక్కోటి ఎనిమిది రూపాయలు,
విరిగితే పూచీ నాదే.
విరగాలన్నా ఎవరో ఒకరు కూచోవాలి కదా.

బల్ల మీద కొత్త దుప్పటి పరిచి
డబ్బాల్ని బొమ్మల కొలువులా మెట్లు మెట్లుగా పేర్చాను:
కింద బియ్యానివి, పైన పోపుగింజలవి,
అన్నిటికన్నా పైన గులాబీ మూతతో అరచేతంత బుల్లిది,
దానికి కంపెనీ పెట్టిన పేరు నాకు నోరు తిరగదు.

ఫోన్లు చేశాను.
హైమావతి గారికి మోకాళ్ళు.
ఫాతిమున్నీసాకి చుట్టాలు.
వెనక వీధి సుగుణ "బయల్దేరానండీ" అంది,
ఆ మాట వెనకే కుక్కరు రెండో కూత.
మేరీ సుకన్య అసలు ఎత్తలేదు.
పోయిన నెల వాళ్ళింట్లో చీరలు పెడితే
నాకు సరిగ్గా ఆ పూటే తలనొప్పి వచ్చింది.
తలనొప్పులకి కూడా వడ్డీ ఉంటుంది.

వంటింట్లో పునుగుల పిండి పొంగుతూనే ఉంది,
ఎవరూ రాలేదని దానికెవరు చెబుతారు.

బెంజి సర్కిల్ దగ్గర హోటల్లో మీటింగు పెట్టి
మా లీడరు మాధురి గారు నేర్పింది,
ఒక్కరొచ్చినా వందమంది వచ్చినట్టే మొదలుపెట్టాలని.
సున్నా గురించి ఆవిడ చెప్పలేదు.
నేనూ అడగలేదు, ఆ రోజు హాల్లో ఏసీ బాగుంది.

అయిదింటికి గేటు చప్పుడు.
చెంగు సర్దుకున్నాను, నవ్వు కూడా.

ఇస్త్రీ బట్టల మూటతో తిరుపతమ్మ.
"ఏందమ్మా, పెళ్ళిచూపులా?"
కాదు, కూచోమన్నాను.
ఇరవైలో ఏదో తేల్చుకోలేక
చివరి వరసలో చివరి కుర్చీ అంచున కూచుంది,
మూట ఒళ్ళోనే పెట్టుకుని.
ముందుకి పిలిచాను. మూటతో సహా వచ్చింది.

మొదలుపెట్టాను, నోటికొచ్చిన పాఠమేగా.
డబ్బాలో నీళ్ళు పోసి, మూత నొక్కి, టిక్కుమనిపించి
ఆమె తల మీద బోర్లించాను.
ఒక్క చుక్క రాల్లేదు.
ఇక్కడ అందరూ అబ్బో అంటారు,
ఆ అబ్బో కోసం ఒక్క క్షణం ఆగాలి.
ఆగాను.

"లోపలి నీళ్ళు బయటికి రావు, సరే.
బయటి నీళ్ళు లోపలికొస్తయ్యా?"

రెండేళ్ళుగా అమ్ముతున్నాను,
సత్యనారాయణపురంలో మేడ మీద వాళ్ళెవరూ
నన్ను ఆ మాట అడగలేదు.

"బుడమేరు పడ్డప్పుడు
ఆధారు కార్డూ, మా ఆయన చావు కాయితమూ
ట్రంకు పెట్టెలో పెట్టి అటకెక్కించా.
అటక దాకా వచ్చినయ్.
నీళ్ళు తీశాక ఒక్కో కాయితం ఇస్త్రీ చేశానమ్మా.
కాయితం సాపయింది.
అచ్చరాలు తిరిగి రాలా."

ఫ్యాను తిరుగుతోంది.
పాఠంలో దీని తరవాత పేజీ లేదు.

బకెట్టు నింపి హాల్లోకి తెచ్చాను.
పలచటి రొట్టెల డబ్బా తీసి, లోపల పెట్టడానికి
కాయితం కోసం వెతికితే
చేతికందింది పిలుపుల జాబితా,
ఇరవై పేర్లు, నీలం సిరా.
మడిచి పెట్టి మూత నొక్కాను.

మునగదే! తేలుతుంది, పక్కకి జారుతుంది.
నా రెండు చేతులూ, ఆమె రెండు చేతులూ వేసి
అడుక్కి అదిమాం.
"ఎంతసేపు?" అన్నాను.
"మా ఇంట్లో అయిదు రోజులున్నయ్," అని నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది, నీళ్ళు దుప్పటి మీదికి చిందాయి.
బొగ్గు వేడికి కాయలు కాసిన ఆ వేళ్ళు
నీళ్ళలో నా వేళ్ళని తాకుతూ ఉన్నాయి,
అమ్మకం సంగతి కాసేపు మర్చిపోయాను.

చేతులు తుడుచుకుని మూత తీశాను.
హైమావతి గారు పొడిగా ఉంది.
సుగుణ, సుకన్య, అందరూ.
రానివాళ్ళు ఒక్కరూ తడవలేదు.

తిరుపతమ్మ డబ్బా మూతని
మళ్ళీ వేసి, మళ్ళీ తీసి,
ఆ టిక్కు చప్పుడు చెవి దగ్గర పెట్టి విని,
"నెలనెలా ఇస్త్రీ లెక్కలో కోసుకో," అంది.

సరే, పునుగులు వేస్తానుండు అన్నాను.
"వెయ్యమ్మా, ఈలోపు కుర్చీలు నే పేరుస్తా,"
అని లేచి, ఆగి,
"రెండు వదిలేస్తాలే," అంది.